సంతకం కింద ఒక్క గీత

మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగున సోల గీరుకునే చప్పుడు ముక్తేశ్వరం రేవు దాకా వినిపించేదని నేనంటే మా ఆవిడ ఒప్పుకునేది కాదు. "అంత దూరం ఎందుకండీ, పక్కింటికి వినిపిస్తే చాలదా?" అనేది. అని, సోలకి గుడ్డ చుట్టి కొలిచేది.

ఎనభైలు మొదలైన కొత్తలో మాట ఇది. అంతకు ముందు పన్నెండేళ్ళపాటు నేను అమలాపురం శివార్లలో ఒక బియ్యం మిల్లుకి గుమాస్తాని. గుమాస్తా అంటే చిన్నగా ఊహించుకోవద్దు. నా అనుమతి లేకుండా ఆ మిల్లు గొట్టం పొగ వదిలేది కాదు. ఎలకలు కూడా నాతో ఒక మాట చెప్పే బస్తా కొరికేవి. అటువంటి మిల్లుని ముగ్గురు అన్నదమ్ములు పంచుకోబోయి, ఎలా పంచుకోవాలో తేలక, తలుపుకి మూడు తాళాలు వేశారు. ఎవరి తాళం వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ మొలలో. నా గొడుగు లోపల ఉండిపోయింది. దానికోసం ముగ్గురినీ ఒకే పూట ఆ తలుపు దగ్గరికి రప్పించడం బ్రహ్మ వల్ల కూడా కాలేదు. ఆ ఏడు వానాకాలమంతా నేను తడుస్తూనే తిరిగాను.

ముగ్గురిలో పెద్దాయన నా యజమాని. దానికి ముందు నా స్నేహితుడు. హైస్కూల్లో నా పక్కన ఒకే బెంచీ మీద కూర్చుని, నా లెక్కలు చూసి రాసి, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ప్రతిభావంతుడు. మిల్లులో చేరాక ఆయన నన్ను "ఒరేయ్" అనేవారు, నేను "అండీ" అనేవాణ్ణి. సాయంత్రం మిల్లు కట్టేసి కాలవ గట్టు మీద ఇద్దరమే కూర్చున్నప్పుడు కూడా ఆ "అండీ" నా నోటినుంచి ఊడేది కాదు. ఒంటికి పట్టిన తవుడు అంతే, ఎంత దులుపుకున్నా పోదు.

మిల్లు మూతబడ్డా ఆయన మాట చెల్లుబడి కాకుండా పోలేదు. కొత్తపేట నుంచి రాజోలు దాకా మిల్లుల వాళ్ళూ, కొబ్బరి వర్తకులూ, బడి కమిటీల పెద్దలూ ఆయన ఉత్తరం వచ్చిందంటే లేచి నిలబడి అందుకునేవారు. కాబట్టి ఉద్యోగం పోయిన మర్నాడే నేను ఆయన గుమ్మం ఎక్కి ఉండవలసింది. ఎక్కలేదు. ఏడు నెలలు ఎక్కలేదు. ఆయన ఇచ్చే సిఫారసు ఉత్తరాల సంగతి ఈ భూమ్మీద అందరికంటే నాకే ఎక్కువ తెలుసు. పన్నెండేళ్ళూ వాటిని రాసింది నేనే.

మా కోనసీమలో మనిషి ఎదురుగా నిలబడి "లేదు" అని చెప్పడం కంటే, అతన్ని గోదాట్లోకి తోసెయ్యడం మర్యాదగా ఉంటుంది. పని అడగడానికి వచ్చినవాడికి మంచినీళ్ళిస్తాం, కాఫీ ఇస్తాం, వేళయితే విస్తరి వేస్తాం, వాళ్ళ మేనత్త కీళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో కూడా కనుక్కుంటాం. లేదని మాత్రం అనం. మా యజమాని ఈ విషయంలో మరీ మెత్తన. ఎవరొచ్చి అడిగినా "దానికేముందండీ, ఉత్తరం ఇస్తాను" అనేవారు. తపాలా శాఖ మా మిల్లు మీదే బతికిందని చెప్పగలను గానీ, ఆ ఉత్తరాలన్నీ మనుషులు చేత్తో పట్టుకెళ్ళేవే. చివరికి అందుకునే పెద్దలు మొరపెట్టుకున్నారు. వీళ్ళలో ఎవరికి నిజంగా పని ఇవ్వాలి, ఎవరికి అన్నం పెట్టి పంపించెయ్యాలి?

దానికి ఉపాయం కనిపెట్టింది నేను. నా జన్మలో నేను కనిపెట్టింది అదొక్కటే. సంతకం కింద ఒక్క గీత ఉంటే ఇతను మనవాడు, పని ఇవ్వండి అని. రెండు గీతలుంటే మర్యాద చేసి పంపించెయ్యండి అని. పట్టుకెళ్ళేవాడు రెండు గీతలు చూసుకుని, ఎంత నొక్కి చెప్పారో అని పొంగిపోతాడు. అందులోని తమాషా అదీ. ఈ సంగతి ఆ పెద్దలకి ఒక్కొక్కరికీ చెవిలో వేసి వచ్చాక నేను మూడు రోజులు నాలో నేనే నవ్వుకున్నాను. మా యజమాని పొట్ట పట్టుకుని, "నువ్వు గుమాస్తావి కాదురా, దివానువిరా!" అన్నారు.

రెండు గీతల వాళ్ళలో ఒకతన్ని నేను మర్చిపోలేను. మా యజమాని పొలంలో పాలేరుగా చేసినాయన కొడుకు. ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. స్కూలు ఫైనలు ప్యాసయ్యాడు. ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చి మిల్లు గుమ్మం అవతలే నిలబడ్డాడు. నగరం అనే ఊరి దగ్గర మా యజమానికి బావగారి వరసాయన మిల్లు ఉంది. ఆయన పేర ఉత్తరం రాసి, రెండు గీతలు వేయించి, అతని చేతిలో పెట్టాను. మడత నలగకుండా అతను దాన్ని బైబిల్లో దాచుకున్నాడు.

వారానికి తిరిగొచ్చాడు. "ఎంత మర్యాద చేసేరండీ! భోజనం కూడా పెట్టేరండి. అరుగు మీదే అనుకోండి, అయినా విస్తట్లో నెయ్యి వేసేరండి. కబురు చేస్తామన్నారండి."

"ఆయ్, చేస్తారు, చేస్తారు" అన్నాను.

ఆ తరవాత ఏడాది పొడుగునా ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చి, "కబురేమైనా వచ్చిందాండీ?" అని అడిగి వెళ్ళేవాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, నేనూ మా యజమానీ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేవాళ్ళం. ఈ వాక్యం రాయకుండా దాటెయ్యొచ్చు. కానీ నవ్విన మాట నిజం.

ఉద్యోగం పోయిన ఏడో నెలలో మా ఆవిడ కొబ్బరాకుల ఈనెలు చీరి చీపుళ్ళు కట్టడం మొదలుపెట్టింది. వీధి తలుపు గడియ పెట్టుకుని, పెరటివైపు గదిలో కూర్చుని కట్టేది. ఎవరైనా పిలిస్తే ఈనెల మోపు మంచం కిందకి తోసి, చేతులు కొంగులో దాచుకుని వెళ్ళి తలుపు తీసేది. అప్పటికి మా ఇంట్లో అన్నం పోయి నూకల జావలోకి దిగాం. నేను వేళాకోళం మాత్రం మానలేదు. "ఈ లెక్కన తూర్పుగోదావరి జిల్లా అంతా ఊడ్చి, మిగిలిన చీపుళ్ళతో పశ్చిమం కూడా ఊడ్చెయ్యొచ్చు" అన్నాను. ఆవిడ నవ్వలేదు. కట్టలు కట్టడం ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చూపుడు వేలి సందున ఈనె కోసిన గాటు, అది మానకముందే దానిమీద ఇంకో గాటు.

"రేపు మీ స్నేహితుడు గారి దగ్గరికి మీరు వెళ్తారా, నన్ను వెళ్ళమంటారా?"

"వెళ్తే ఉత్తరం ఇస్తారు. రెండు గీతలు పెడతారు."

"మీకా? పెట్టరు."

"పెడితే?"

"పెడితే తేలిపోద్ది కదండీ. ఇన్నాళ్ళ బట్టీ తేలనివ్వకుండా చంపుతున్నారు నన్ను."

మర్నాడు వెళ్ళాను. ఆయన వీధి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. మిల్లు పోయిన మనిషికి పొద్దు ఎంత పొడుగ్గా ఉంటుందో ఆయన చేతిలో పేపరు చూస్తే తెలిసింది. సినిమా ప్రకటనల దగ్గర్నుంచి పోయినవాళ్ళ ఫొటోల దాకా చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చినట్టున్నారు.

"ఏరా, దారి తప్పేవా?"

"లేదండీ, ఇటు ఏదో పనుండి వచ్చేను."

కాఫీ వచ్చింది. మా ఆవిడ ఎలా ఉందన్నారు. బాగుందన్నాను. మా పెరట్లో సపోటా చెట్టు కాస్తోందా అన్నారు. దాన్ని కొట్టించి పొయ్యిలోకి వాడేశామని చెప్పలేక, విరగబడి కాస్తోందన్నాను. మా దూడ ఎలా ఉందన్నారు. అది ఎప్పుడో వేరే ఇంటికి పోయింది. దానికి కూడా ఆరోగ్యంగా ఉందనే చెప్పాను. రెండో కాఫీ వచ్చింది. ఇంక చుట్టాలూ, చెట్లూ, పశువులూ అన్నీ అయిపోయి అడగడానికి ఏమీ మిగలక ఆయన నా మొహంలోకి చూశారు. నేను గ్లాసులోకి చూశాను.

"పని కావాలండీ" అన్నాను.

ఈ రెండు మాటలు గొంతులోంచి బయటికి లాగడానికి పట్టిన బలంతో మా మిల్లు ఇంజను రెండు రోజులు తిప్పొచ్చు.

ఆయన పేపరు మడిచారు. చాలాసేపు మడిచారు. "మా నగరం బావగారు మంచాన పడ్డాక, వాళ్ళ మిల్లులో గుమాస్తా మానేసేడంట. నాలుగు నెల్ల కిందటి మాట. నువ్వొస్తావేమోనని రోజూ వీధిలోకి చూసేనురా."

"నాకు కబురు చెయ్యకపోయేరాండీ?"

"నువ్వు అడక్కుండా నేనెలా పంపుతాను? నీకు చిన్నతనంగా ఉండదూ?"

నాలుగు నెలలు ఆయన నా పరువు కాపాడుతూ అరుగు మీద కూర్చున్నారు. నాలుగు నెలలు నేను నా పరువు కాపాడుకుంటూ ఇంట్లో కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా ఉన్న దూరం బస్సులో ముప్పావు గంట.

లోపల్నుంచి కాగితం తెప్పించి నా ముందు పెట్టారు. "నువ్వే రాయి. నీ దస్తూరీ అయితేనే వాళ్ళు గుర్తుపడతారు." సరే అని మొదలుపెట్టాను. నమ్మకస్తుడు, నెమ్మదస్తుడు, పనిమంతుడు అని ఊరూ పేరూ లేని వాళ్ళందరికీ కళ్ళు మూసుకుని రాసిన చెయ్యి, నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"ఏంట్రా, మెచ్చుకోడానికి నీలో ఏమీ దొరకలేదా?" అని నవ్వారు ఆయన. తరవాత కలం తీసుకుని ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. దాని కింద గీత గీశారు. మార్జినులో మొదలెట్టి రెండో చివర దాకా, ఎంత నెమ్మదిగా గీశారంటే, ఆలోపల ఒక పంట నాటి కోత కొయ్యొచ్చు. గీత అయింది. కలం పైకి లేచింది. కాగితానికి అంగుళం ఎత్తున ఆగింది. ఆ పాళీ కొసన సిరా తడి మెరవడం ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

ఆయన కలానికి మూత పెట్టారు.

"ఒక్కటేరా. చూసుకో" అన్నారు.

"ఆయ్" అన్నాను. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు బోడసకుర్రు రేవులో పడవ ఎక్కాను. గోదారికి ఆ అవతల ఒడ్డు అంత అందంగా ఉంటుందని అంతకుముందు నేను గమనించలేదు. పడవలో నా పక్కన ఒకాయన మేకని పట్టుకుని కూర్చున్నాడు. నా జేబులో ఏముందో ఆ మేకకి కూడా చెప్పాలనిపించింది. పాశర్లపూడిలో దిగి, నడుచుకుంటూ నగరం వైపు వెళ్ళాను. కాలిబాట నాకు దారి ఇవ్వడానికి పక్కకి తప్పుకుందంటే నమ్మాలి.

మిల్లు ఆడుతోంది. ఆ చప్పుడు విని ఏడు నెలలైంది. గదిలో పెద్దాయన లేరు. ఆయన కొడుకు, పాతికేళ్ళవాడు, లేచి నిలబడి రెండు చేతులతో ఉత్తరం అందుకున్నాడు. చదివాడు. సంతకం దగ్గర ఆగాడు. గోడకి వేలాడుతున్న తీగకి పాత ఉత్తరాలు గుచ్చి ఉన్నాయి. అన్నీ నా దస్తూరీయే. అందులోంచి ఒకటి తీసి నా ఉత్తరం పక్కన పెట్టి చూశాడు.

"అయ్యో, మావయ్యగారు ఒక్క గీతే పెట్టేరండి" అన్నాడు, నా కోసం నిజంగా బాధపడుతూ.

"అవునండీ, ఒక్కటే!" అన్నాను నేను, ఛాతీ విరుచుకుని.

"నాన్నగారికి పక్షవాతం వచ్చిన కాణ్ణించీ మాట పడిపోయిందండి. మావయ్యగారికీ నాన్నగారికీ మధ్య ఈ గీతల ఏర్పాటేదో ఉందని మాత్రం నాకు తెలుసు. గుమాస్తా మానేసినప్పుడు, ఈ తీగ మీదవన్నీ దింపి చూసేను. ఒక గీతవి నాలుగైదే ఉన్నాయి, మిగతావన్నీ రెండేసి గీతలవే. ఒకటి కన్నా రెండు ఎక్కువే కదండీ? రెండు గీతల వాళ్ళలో చదువుకున్నాయన్ని చూసి మూడు నెల్ల కిందట పిలిపించేను. బంగారం లాంటి మనిషండి. మావయ్యగారు ఊరికే రెండు గీతలు పెడతారా?"

నేను నోరు తెరిచాను. చెప్పవలసింది నాలుగు మాటలే. బాబూ, తిరగేసి చదివేరు, ఒక్క గీతే అసలైంది, దాన్ని కనిపెట్టింది నేనే. అంటే అయిపోయేది. నాకు కుర్చీ, మా ఆవిడకి అన్నం. మొదటి మాట నాలిక మీదకి వచ్చింది కూడా.

అప్పుడే పక్క గదిలోంచి అతను వచ్చాడు, చేతిలో కాఫీ గ్లాసుతో. అదే తెల్ల చొక్కా. చెవి మీద పెన్సిలు, బొడ్లో తాళంచెవులు.

"అయ్యగారండీ! కిటికీలోంచి చూసి మీరేనా అనుకున్నానండి. బాబుగారూ, నా ఉత్తరం రాసింది వీరేనండి. వీరి చలవేనండి ఇదంతాను. కూర్చోండి, కూర్చోండి" అని తన కుర్చీ లాగి నాకు వేశాడు. "పిల్లలిద్దరూ ఇక్కడే బళ్ళో చేరేరండి. నెల నెలా వచ్చి ఎంత విసిగించేవాణ్ణో! ఒక్క రోజు కూడా విసుక్కోలేదండి వీరు. ఎప్పుడెళ్ళినా నవ్వుమొహమేనండి."

కూర్చున్నాను. ఆ కుర్చీ నాకు సరిగ్గా సరిపోయింది. కాఫీ తాగాను. తెరిచిన నోరు దానికి ఉపయోగపడింది.

భోజనానికి ఆపారు. నాకు మిల్లు వెనకున్న వాళ్ళింట్లో, లోపల పీట వేశారు. అతను మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని మిల్లు అరుగు మీదే తింటాడట. దారిలో పెద్దాయన మంచం. కొడుకు నా ఉత్తరాన్ని ఆయన కళ్ళ ముందు పట్టుకుని, "మావయ్యగారు రాసేరండి, నాన్నగారూ" అని గట్టిగా చెప్పాడు. ఆ కళ్ళు కిందికి జరిగి, సంతకం మీద నిలిచాయి. తరవాత నా వైపు తిరిగాయి. ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. దుప్పటి మీద చెయ్యి వణుకుతూ లేచింది, ఒక్క వేలు నిలబడింది.

ఆ ఇంట్లో ఆ వేలికి అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే.

"మంచినీళ్ళా నాన్నగారూ?" అన్నాడు కొడుకు. చెంచాతో పట్టారు. సగం నోట్లోకి వెళ్ళాయి, సగం దిండు మీద పడ్డాయి. వేలు ఇంకా అలాగే ఉంది. నేను అటు చూడకుండా వెళ్ళి పీట మీద కూర్చున్నాను. విస్తట్లో నెయ్యి వేశారు.

బయల్దేరుతుంటే కొడుకు గుమ్మం దాకా వచ్చి, "మావయ్యగారిని ఇంకో గీత పెట్టమనండి, ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు. తెల్ల చొక్కా అతను రేవు దాకా నాతో నడిచి, నేను వద్దంటున్నా పడవవాడితో నన్ను జాగ్రత్తగా దింపమని చెప్పి, పడవ కదిలేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పడవలో నేను చేసిన ఆలోచనలు మంచివి కావు. ఆకుపచ్చ సిరా ఎక్కడ దొరుకుతుందా అని కూడా ఆలోచించాను. మా యజమానితో చెబితే రెండో గీత చచ్చినా పెట్టరు. "నీకా? నా చేత్తోనా?" అంటారు. పైగా నిజం తెలిస్తే, అన్యాయం జరిగిందని ఆ రాత్రికే బావగారింటికి బండి కట్టిస్తారు. అప్పుడు ఆ తెల్ల చొక్కా మళ్ళీ గుమ్మం అవతల. నేను చెప్పకపోవడం గొప్పతనమని ఎవరూ అనుకోవద్దు. ఆ కాఫీ నా గొంతులోంచి ఇంకా కిందకి దిగలేదు, అంతే.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో ఉంది. "ఎన్ని?" అంది.

"నిన్ననే చెప్పేనుగా, ఒక్కటే."

"గీత కాదు. పని సంగతి ఏమైందని."

చెప్పాను. అంతా వింది. "నెయ్యి వేసేరా?" అని అడిగింది.

"వేసేరు."

లోపలికి వెళ్ళి ఈనెల మోపు ముందుకి లాక్కుంది.

రెండు నెలల తరవాత రావులపాలెం అరటి మార్కెట్లో నాకు పని దొరికింది, ఎవరి ఉత్తరమూ లేకుండా. లారీలకి ఎక్కే గెలలకి చీటీలు రాయడం. రాసే చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు గెలలు కూడా మొయ్యాలన్నారు. చెయ్యి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అరటి జిగురు ఒకసారి బట్టకి అంటితే ఇంక పోదు. నల్లగా మారి, చొక్కా చిరిగేదాకా ఉంటుంది. పదిహేను రోజుల్లో నా చొక్కాలన్నీ జిల్లా పటాల్లాగా తయారయ్యాయి.

ఒక రోజు పొద్దున్న, రాజమండ్రి బస్సు కోసం నిలబడి మా యజమాని కనిపించారు. తప్పించుకునేలోపల ఆయన నన్ను చూశారు. గెల కిందకి దించాను.

"ఏరా, బాగుందా అక్కడ?" అన్నారు. అంటూండగానే ఆయన చూపు నా మొహం మీంచి చొక్కా మీదకి దిగింది. ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లు నడిపిన మనిషి. తవుడు ఎలా ఉంటుందో, అరటి మరక ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆయ్, బాగుందండీ" అన్నాను.

"బావగారి అబ్బాయి బాగా చూసుకుంటున్నాడా?"

"చాలా మర్యాదండీ."

ఆయన కళ్ళు ఇంకా మరకల మీదే ఉన్నాయి. "ఒక్క గీతే పెట్టేనురా నేను" అన్నారు.

"చూసేనండీ. నా ఎదురుగానే కదా పెట్టేరు."

ఇంకేదో అడగబోయారు. బస్సు వచ్చింది. ఎక్కి, అటువైపు కిటికీ దగ్గర కూర్చున్నారు. బస్సు కదిలేదాకా నిలబడి, గెల మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాను.